పరస్కా వంటింటి స్కానర్

వాసిల్ జుర్కోను వాగు చంపలేదు. మీరు చంపారు. బ్రెడన్ బొగ్గు కంపెనీ మేనేజర్లూ, కొండమీది చెరువును కారు దిగకుండా చూసి "బాగానే ఉంది" అని సంతకం పెట్టే ఇన్‌స్పెక్టర్లూ, ఆ సంతకం మీద తలపెట్టుకుని నిద్రపోయే కౌంటీ పెద్దలూ, మీరే. చంపింది చాలక "తాగి కాలు జారాడు" అని కాగితం రాశారు. ఈస్టర్ ముందు తపస్సుకాలంలో నలభై ఏళ్లుగా చుక్క ముట్టని మనిషి మీద రాశారు ఆ మాట. సిగ్గన్నా లేదా మీకు?

నా పేరు స్టెల్లా బర్నాక్. గని కార్మికుల యూనియన్ వకీలు తరఫున దర్యాప్తులు చేస్తాను. 1987 ఏప్రిల్ మొదటి శుక్రవారం, పొద్దున పదీ నలభై నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకూ ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. గంటా ఇరవై నిమిషాలు. ఒక్క వంటిల్లు.

తెలిసిన సంగతులు ఇవి. వాసిల్ రిటైరైన గని కార్మికుడు. మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు టామరాక్ వాగులో శవమై దొరికాడు. తల వెనక దెబ్బ. ఆ వాగు పైన కొండమీద, బొగ్గు కడిగిన నల్లనీళ్లను కంపెనీ నిలవ పెడుతుంది. గని చెత్త పోసి కట్టిన గట్టే ఆ నీళ్లకు అడ్డు. గట్టుకు సూటిగా కింద కోవల్ లోయ, నలభై మూడు ఇళ్లు. "చెరువు నిండుతోంది" అని వాసిల్ వారం రోజులుగా మొత్తుకున్నాడు. "చెరువు పద్నాలుగు అడుగులే ఉంది, వాసిల్ ఆ దరిదాపులకే రాలేదు" అని కంపెనీ అంటోంది. వాళ్ల సాక్ష్యం గేటు కాపలాదారు పుస్తకం. చచ్చినవాడి మాట నిజమైతే బతికున్న నలభై మూడు ఇళ్లకూ గండం.

తలుపు తీసింది అతని భార్య పరస్కా. ఏప్రన్ మీద పిండి.

"రా స్టెల్లా. బూట్లు విప్పకు. బురద తెచ్చావని తిట్టేవాడు ఇంక లేడుగా ఈ ఇంట్లో."

రొట్టెల డబ్బా మీద స్కానర్ వాగుతోంది. ఎర్రదీపాలు వరసగా పరిగెత్తుతూ, ఎక్కడ మాట దొరికితే అక్కడ ఆగుతున్నాయి. స్కూలు బస్సు డ్రైవరు ఎవరితోనో, మలుపులో రాయి పడిందని చెబుతున్నాడు.

"మంగళవారం నుంచీ ఆపలేదా అక్కా?"

"ఆపితే ఇల్లు నోరు మూసుకుంటుంది. అప్పుడు నేనేం చెయ్యాలి?"

స్కానర్ అంటే ఊళ్లోని రేడియో మాటలు వినే పెట్టె. తిరిగి మాట్లాడటం దానికి రాదు. దుకాణంలో అమ్మే చిట్టాలో పోలీసుల అంకె, ఫైరింజన్ల అంకె ఉంటాయి, అంతే. మిగతా ఊరు ఏ అంకె మీద మాట్లాడుకుంటుందో ఎవడూ చెప్పడు. వేటాడి పట్టుకోవాలి. కింద ఒక హద్దు, పైన ఒక హద్దు నొక్కి వదిలితే పెట్టె ఒక్కో మెట్టూ ఎక్కుతుంది, చప్పుడు ఉన్నచోట ఆగుతుంది. ఆ చప్పుడు ఎవరిదో తేల్చడానికి రోజులు పడుతుంది. వాసిల్‌కు రోజులకేం కొదవ? ముప్పై ఒక్క ఏళ్లు భూమికింద ఏమీ వినపడని చీకట్లో పనిచేసిన మనిషి. ఏడాదిన్నరలో ఒక నోటుబుక్కు నింపాడు. పరస్కా దాన్ని పిండి డబ్బాలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"కంపెనీవాళ్లు నిన్న వచ్చి సొరుగులన్నీ వెతికారు. పిండి డబ్బా మగవాళ్లకి కనపడదు."

నిలబడే చదివాను.

"151.07. రోడ్డు మీద ఉప్పు చల్లే లారీలు. బూతులెక్కువ."

"152.30. టాక్సీ. ఉన్నది ఒక్క కారు. అయినా వాడు తనని నాలుగో నంబర్ అనే పిలుచుకుంటాడు."

"గొడ్ల డాక్టరు. భోజనాల వేళ పెట్టకూడదు."

ఒక్కో అంకె పక్కనా ఎవరిదో తేలగానే గీత కొట్టేశాడు. చివరి పేజీలో గీత లేని అంకె ఒక్కటే. "154.46. ఎవరు? మాట లేదు. బీప్‌లు. గంటకు నాలుగుసార్లు, సరిగ్గా."

దాని కింద రోజువారీ లెక్క. పద్నాలుగు బీప్‌లు. పద్నాలుగు. పదిహేను. మార్చి ఇరవై నాలుగున పక్కనే ఒక వాక్యం: "చేపల కర్ర పట్టుకుని పైకెళ్లా. చెరువులో అంకెల బోర్డు చూశా. పదిహేను." మర్నాడు పదహారు బీప్‌లు. మళ్లీ వెళ్లాడు. బోర్డు మీద పదహారు.

అర్థమైంది కదా? చెరువే మాట్లాడుతోంది. గట్టు మీది గుడిసెలో ఉన్న మీటరు పావుగంటకోసారి నీటి మట్టాన్ని కంపెనీ ఆఫీసుకు పంపుతోంది. ఒక బీప్ ఒక అడుగు. బోర్డు మీద ఇరవై దగ్గర ఎర్రగీత ఉందనీ, ఇరవై రెండుకు గట్టు తలే ఉందనీ కూడా రాసిపెట్టాడు. పద్నాలుగని కంపెనీ బయటికి చెబుతున్నప్పుడు, సొంత ఆఫీసులో దాని చెవిలో పదహారు, పదిహేడు మోగుతూనే ఉన్నాయి.

మంగళవారం రాత చివరిది. "11.15కి పంతొమ్మిది. 11.20కి స్టాష్ కోలార్ చివరి పిలుపు, మూడుసార్లు పిలిచారు. 11.30కి పంతొమ్మిది. చూసొస్తా. పరస్కా, సూప్ పొయ్యి మీదే ఉంచు."

"ఉంచా," అంది పరస్కా నా భుజం మీదుగా చదువుతూ. "నాలుగింటికి కబురొచ్చేదాకా ఉంచా."

వకీలు దగ్గరికి ఊహలు తీసుకుపోతే కుదరదు. ఆ బీప్ నిజంగా కొండ మీదినుంచే వస్తోందా? పదకొండుకు ఒక నిమిషం ముందు స్కానర్ వెనక యాంటెన్నా మర తిప్పి తీసేశాను. పదకొండు మైళ్ల దూరం నుంచి పోలీసులనూ ఫైరింజన్లనూ పిలిచే కౌంటీ కేంద్రం గొంతు గుసగుసయి ఆరిపోయింది. స్కూలు బస్సు పోయింది. టాక్సీ పోయింది. సరిగ్గా పదకొండుకు దీపాలు 154.46 దగ్గర ఆగాయి. బీప్‌లు పక్కగదిలోంచి వచ్చినంత గట్టిగా వచ్చాయి. యాంటెన్నా లేకుండా వినపడాలంటే మోగేది మన నెత్తి మీదే ఉండాలి. ఈ ఇల్లు లోయలో చివరిది. నెత్తి మీద చెరువు తప్ప మరొకటి లేదు.

పరస్కా నానబెట్టడానికి తీసిన ఎండు చిక్కుడు గింజల్ని బీప్‌కొకటి చొప్పున బల్ల మీద జరిపింది.

"ఇరవై," అంది.

మూడు రోజుల వాన ఆ పొద్దునే ఆగింది. బయట ఎండ కాస్తోంది. ఎండ చూసి లోయ మొత్తం ఊపిరి పీల్చుకుంది. కొండమీద కరిగే మంచుకు ఆ సంగతి తెలియదు. యాంటెన్నా తిరిగి బిగించి ఆనకట్టల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు ఫోన్ చేశాను. గుమాస్తా సోమవారం రమ్మన్నాడు.

పదకొండూ పదికి తలుపు తట్టారు. లెనీ వోయ్‌ట్కో, పరస్కా అక్క కొడుకు. ముప్పై ఏళ్లుంటాయి. చావు ఇంటికి తెచ్చే వంటకం చేతిలో ఉంది, వాళ్లమ్మ చేసిన హలుష్కీ, క్యాబేజీ నూడుల్స్ మూకుడు. చెరువు గేటు కాపలాదారు కూడా వీడే. దేవుడే పంపాడనుకున్నాను.

"కూర్చోరా లెనీ. మంగళవారం గేటు దగ్గర నువ్వేనా?"

"నేనే అక్కా. ఏడు నుంచి మూడుదాకా."

"ఎక్కడికీ కదల్లేదు?"

"ఒంటికి కూడా కదల్లేదు."

"బాబాయి రాలేదా?"

"రాలేదు. పుస్తకంలో ఉందిగా. పన్నెండింటికి సైరన్ మోగింది, గేటు తాళం చూశా, ఎవరూ రాలేదు అని రాశా."

"సైరన్ విన్నావా?"

"భలేదానివి! ఆ సైరన్ వినేగా భోజనం డబ్బా మూత తీసేది. రోజూ వినేదే."

అంట్ల తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. పరస్కా వెనక్కి తిరగలేదు.

"ఒరేయ్ లెనీ. మంగళవారం ఎవర్ని పాతిపెట్టార్రా?"

"స్టాష్ మామని."

"స్టాష్ ఏం పని చేసేవాడు?"

"ఫైర్ స్టేషన్‌లో..." అని ఆగిపోయాడు.

ఈ లోయలో ఫైర్ స్టేషన్ సైరన్ రోజూ పన్నెండింటికి ఒక నిమిషం మోగుతుంది, పరీక్ష కోసం. స్టేషన్ మనిషిని మట్టిలో పెట్టిన రోజు మోగదు. ఆ రోజు కౌంటీ కేంద్రం చనిపోయినవాణ్ని రేడియోలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తుంది. జవాబు రాదు. వాసిల్ విని రాసుకున్న చివరి పిలుపు అదే. మంగళవారం పన్నెండింటికి సైరన్ మోగలేదు.

లెనీ ముఖం క్యాబేజీ రంగుకు తిరిగింది.

"చెప్పు. నిజంగా ఎక్కడున్నావు?"

"గేటు దగ్గర లేను పిన్నీ." నాతో కాదు, ఆమె వీపుతో మాట్లాడుతున్నాడు. "పదకొండింటికి మా భద్రతాధికారి రాడిక్ వచ్చాడు. పంపు బెల్టు తెమ్మని నలభై మైళ్ల అవతలికి పంపాడు. తాళాలు తీసుకున్నాడు. నేనొచ్చేసరికి బాబాయిని వాగులోంచి తీస్తున్నారు. బుధవారం తన ఆఫీసులో కూర్చోబెట్టి పుస్తకం రాయించాడు. ఆయన చెప్పాడు, నేను రాశా."

"సైరన్ మాట కూడా ఆయనే చెప్పాడా?"

"ఆయనే. నేను ఊళ్లో లేనుగా, మోగిందో లేదో నాకేం తెలుసు? స్టాష్ మామ సంగతి బుర్రకి తట్టలేదు."

రాడిక్ ఈ ఊరు వచ్చి రెండేళ్లు. సైరన్ ఎప్పుడు మోగుతుందో నేర్చుకున్నాడు. ఎప్పుడు మోగదో నేర్చుకోవడానికి ఒక్క చావుకు కూడా వెళ్లలేదు.

"మూడు రోజులు నోరెందుకు మూసుకున్నావురా?" అంది పరస్కా.

"ఇద్దరు పిల్లలు పిన్నీ. ఈ లోయలో ఇంకో పని చూపించు, ఇప్పుడే మానేస్తా."

నోటుబుక్కు ఖాళీ పేజీ తీసి పెన్సిల్ అతని ముందుకు తోశాను. "ఈసారి ఎవరూ చెప్పరు. నువ్వే రాయి."

ఆరు వాక్యాలు రాశాడు. సంతకం పెట్టేసరికి పదకొండూ ముప్పై మూడు. ఈలోగా బీప్‌లు రెండుసార్లు వచ్చి వెళ్లాయి. రెండుసార్లూ ఇరవై గింజలే.

పదకొండూ నలభైకి కారు చప్పుడు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. తరవాత తలుపు తట్టకుండానే గిల్ రాడిక్ లోపలికొచ్చాడు. పద్దెనిమిదేళ్లు రాష్ట్ర పోలీసు, ఇప్పుడు కంపెనీ భద్రతాధికారి. ఇప్పటికీ కెప్టెన్ అని పిలిపించుకుంటాడు.

"బర్నాక్ మేడమ్! చావు ఇంట్లో కూడా యూనియన్ మీటింగేనా?"

"చావు తెచ్చినవాడు గుమ్మం బయట నిలబడి మాట్లాడాలి, కెప్టెన్ గారూ."

"ఆ పెట్టె తీసుకెళ్లడానికొచ్చా. కంపెనీ రేడియోని చాటుగా వినడం నేరం. కాగితం ఉంది."

"జడ్జి సంతకం ఉందా దాని మీద?"

"కంపెనీ వకీలుది."

"అయితే ఫైర్ స్టేషన్‌లో ఇవాళ చేపలు వేయిస్తున్నారు. నూనె పీల్చడానికి పనికొస్తుంది, ఇచ్చిరా."

పరస్కాను చూసి గొంతు మెత్తబరిచాడు. "అమ్మా, మీ ఆయన ముసలితనంలో ఏవో చప్పుళ్లు విని భయపడ్డాడు. మిమ్మల్ని కూడా భయపెడుతున్నారు వీళ్లు."

"ఒక్క ప్రశ్న," అన్నాను. "మంగళవారం పన్నెండింటికి గేటు దగ్గర ఎవరున్నారు?"

"లెనీ. ఇదిగో, ఎదురుగానే ఉన్నాడు. అడుగు."

"సైరన్ విన్నాడా?"

"ఊరంతా వింది. నా ఆఫీసులో కూర్చుని నేనూ విన్నా."

పరస్కా నవ్వింది. మూడు రోజుల్లో మొదటి నవ్వు. వినడానికి బాగాలేదు అది.

"మంగళవారం సైరన్ మోగలేదయ్యా," అంది. "స్టాష్‌ని పాతిపెట్టారు. నువ్వు తప్ప ఆ సంగతి లోయంతటికీ తెలుసు."

రాడిక్ లెనీ వైపు చూశాడు. లెనీ తల దించుకోలేదు. "అంతా రాసిచ్చేశా సార్. ఈసారి నా సొంత మాటలు."

గడియారం పదకొండూ నలభై అయిదు. దీపాలు ఆగాయి. బీప్. బీప్. గదిలో ఎవరూ కదల్లేదు. పరస్కా వేలు మాత్రం గింజల్ని జరుపుతోంది. ఇరవై గింజలయ్యాక కూడా వేలు ఆగలేదు. ఇంకొకటి జరిపింది.

"ఇరవై ఒకటి."

"మీటరు పాడైంది," అన్నాడు రాడిక్. "చెరువు పద్నాలుగే."

"అలాగా. అయితే కూర్చో. వేడి వేడి హలుష్కీ ఉంది. పన్నెండున్నరదాకా మాతో కూర్చుని తిని పో."

కూర్చోలేదు. అతని చూపు కిటికీ మీదికి పోయింది. నేనూ చూశాను. కారు ఇంజను ఆపలేదు, తలుపు బార్లా తెరిచే ఉంది. ముందు భాగం లోయ దిగువకు తిరిగి ఉంది. ఇది చివరి ఇల్లు, రోడ్డు ఇక్కడితో ఆఖరు. వచ్చిన ప్రతివాడూ కారు ముక్కు కొండవైపే పెట్టి ఆపుతాడు, పోయేటప్పుడు తిప్పుకుంటాడు. ఇతను మాత్రం బురదలో మూడుసార్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుని, ముందే తిప్పిపెట్టుకుని లోపలికొచ్చాడు.

"నీకు తెలుసు," అన్నాను. "మంగళవారం వాసిల్‌ని కొట్టినప్పుడూ తెలుసు. ఇవాళ పారిపోతున్నావు. దారిలో సాక్ష్యం ఎత్తుకుపోదామని ఆగావు."

స్కానర్ వైరు మీదికి చెయ్యి చాచాడు. లెనీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. రాడిక్ ఒక క్షణం అతన్ని కొలిచి, మళ్లీ గడియారం చూసి, వెళ్లిపోయాడు. పదకొండూ నలభై తొమ్మిది. కారు దారిపొడవునా ఒక్క హారనన్నా కొట్టలేదు. నలభై మూడు ఇళ్ల ముందునుంచి పోయాడు, ఒక్క హారన్ కొట్టలేదు!

"లెనీ, పరిగెత్తు. ప్రతి తలుపూ బాదు." అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఫైర్ స్టేషన్‌కు ఫోన్ కలిపాను. ఇగ్గీ పావ్లిక్ ఎత్తాడు. స్టేషన్ చీఫ్, మామూలు రోజుల్లో ప్లంబర్. వెనక నూనె చిటపటలు, పళ్లేల చప్పుడు. తపస్సుకాలపు శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి, వాగు ఒడ్డునున్న ఆ హాల్లో చేపల భోజనానికి అరవై మంది కూర్చున్నారు.

"ఇగ్గీ, సైరన్ మోగించు. గట్టు తెగబోతోంది."

"రాడిక్ పొద్దున్నే ఫోన్ చేశాడు స్టెల్లా. మీటరు చెడిందట, పుకార్లు నమ్మొద్దన్నాడు. కొత్త ఫైరింజన్ ఇచ్చింది వాళ్లే గదా..."

"ఆ ఫైరింజన్‌ని బురదలోంచి ఎవడు లాగుతాడు? నీళ్లు ఇరవై ఒకటి. రాడిక్ ఇప్పుడే పారిపోయాడు. నీ గుమ్మం ముందునుంచే పోయుంటాడు, అడుగు."

ఫోన్ పక్కన పెట్టి ఎవరినో అడిగాడు. తిరిగొచ్చేసరికి గొంతు మారింది. "పోయాడట. చాలా వేగంగా."

"మరి మోగించు!"

"టైమెంతో తెలుసా? పదకొండూ యాభై అయిదు. ఇప్పుడు మోగిస్తే ఇగ్గీ గడియారం ముందుకు పరిగెత్తిందంటారు. ఎవడూ కుర్చీలోంచి లేవడు. నేనైనా లేవను. ఇక్కడున్నవాళ్లని నేను లేపుతా, ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతేంటి? పైకి బండి పంపి చెరువు చూసి రమ్మంటా, అయిదు నిమిషాలు..."

ఇగ్గీ కుర్చీలు వదిలి లెమ్మని హాల్లోవాళ్ల మీద అరుస్తున్నాడు. ఎవరో చేపలు మాడిపోతాయంటున్నారు. ఇంకెవరో నవ్వుతున్నారు. ఆ వాదన తెగేలోగా మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఫోన్ చెవికి అంటుకుపోయింది.

పన్నెండు. స్టేషన్ గడియారం దానంతటదే సైరన్‌ను లేపింది. మూలుగులా మొదలై లోయంతా పరుచుకుంది. ఎదురింటి ఆడమనిషి దుప్పట్లు ఆరేస్తోంది. తల కూడా ఎత్తలేదు. ఇంకో క్లిప్పు నోట్లోంచి తీసి తీగకు పెట్టింది.

నేను స్కానర్ వైపు చూశాను. పరస్కా పిడికిట్లో గింజలు పట్టుకుని కాచుకుని ఉంది. దీపాలు వరస మొత్తం పరిగెత్తాయి. 154.46 దాటిపోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ దాటాయి. మూడోసారీ ఆగలేదు.

"రాలేదు," అంది పరస్కా. పిడికిలి విప్పింది. గింజలు నేలమీద దొర్లాయి.

వాసిల్ పట్టుకున్నప్పటి నుంచీ ఆ అంకె ఒక్క పావుగంట కూడా తప్పలేదు. నోటుబుక్కు చివరి పేజీ సాక్ష్యం. మీటరున్న గుడిసె గట్టు మీదే ఉంది. గుడిసె నోరు మూసుకుందంటే దాని కింద గట్టు లేదు.

ఫోన్‌లోకి అరిచాను.

"ఇగ్గీ! బీప్ ఆగిపోయింది. గట్టు పోయింది. ఒక్క నిమిషానికి నీ గడియారం సైరన్ ఆపేస్తుంది, ఆపనివ్వకు! గోడమీది బొత్తాం నొక్కు, నొక్కి పట్టుకో. పన్నెండు గంటల సైరన్ ఒకసారి లేచి పడుతుంది, ఇది పడకూడదు. పడకపోతేనే జనం తలెత్తుతారు. కార్లు ముట్టుకోవద్దను, రోడ్డు వాగు పక్కనే ఉంది. పొయ్యిలు వదిలెయ్యమను, చేపలు వదిలెయ్యమను, కాలినడకన చర్చి గుట్ట ఎక్కమను. మేమూ ఎక్కుతున్నాం. పరస్కా పుస్తకం ఏప్రన్‌లో కట్టుకుంది, రాడిక్ మెడకు అది చాలు, ఆ పని తరవాత. ఇప్పుడు నీకు ఒక్కటే పని. చెయ్యి తియ్యకు, ఇగ్గీ. చివరి మనిషి గుట్ట ఎక్కేదాకా ఆ బొత్తాం మీంచి చెయ్యి తియ్యకు!"